రోజుకో గ్లాసు నీళ్ల సలహా గురించి

సంపాదక మహాశయులకు నమస్కారం.

రెండు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో ఇంటి లోపల పెంచుకునే పెద్దాకు మొక్కల మీద వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. బొమ్మలు ముచ్చటగా ఉన్నాయి, భాష హాయిగా ఉంది. అయితే వ్యాసంలో సగానికి పైగా చోటు దక్కించుకున్న, ఎదిగాక ఆకులకు చిల్లులు పడే మాన్‌స్టెరా మొక్క గురించి చెప్పిన మూడు సంగతులు, కనీసం మా అనంతపురం లాంటి ఊళ్లకు, పొసగవు. రోజూ ఒక గ్లాసు నీళ్లు పోస్తే సరిపోతుందన్నది వాటిలో మొదటిది. హాల్లో ఏ మూలన పెట్టినా ఏపుగా పెరుగుతుందన్నది రెండవది. ఒక్క మొక్క ఉంటే చాలు, ఇంటి గాలి శుభ్రపడుతుందన్నది మూడవది. ఈ మూడవ మాట వల్ల మొక్కకు వచ్చే నష్టమేమీ లేదు గానీ, మొదటి రెండూ కలిసిన ఇంట్లో మొక్క ఆరు నెలలు దాటడం కష్టం. ఆ వ్యాసం వచ్చిన వారంలోనే మా వీధిలో ఇద్దరు ఆ మొక్కలను కొని తెచ్చుకున్నారు కాబట్టి, మౌనంగా ఉండడం సబబు కాదనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను 30 ఏళ్లకు పైగా జూనియర్ కళాశాలలో వృక్షశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినదానిని. ఈ మొక్కను ఒకసారి చేజేతులా చంపి, రెండవసారి తెచ్చి 7 ఏళ్లుగా పెంచుతున్నదానిని కూడా. ఈ ఉత్తరానికి ఆ రెండవ అర్హతే ఎక్కువ పనికివస్తుందని నా నమ్మకం.

మొక్కకు ఏం కావాలో తెలియాలంటే ముందు దాని పుట్టిల్లు తెలియాలి. మాన్‌స్టెరా డెలిసియోసా దక్షిణ మెక్సికో నుంచి పనామా వరకు ఉన్న వర్షారణ్యాలకు చెందినది. మనం వండుకునే చేమ, కంద, కిటికీల్లో సీసాలో పెట్టుకునే మనీప్లాంటు దీనికి దాయాదులే. అన్నీ ఒకే కుటుంబపు మొక్కలు. అడవిలో ఇది నేల మీద మొలిచి, దగ్గరున్న మాను దొరికించుకొని, దాని బెరడును వేళ్లతో కరుచుకుంటూ పైకి పాకుతుంది. అక్కడ వాన తరచుగా కురుస్తుంది గానీ కురిసిన నీరు వేరు దగ్గర నిలవదు. బెరడు మీద పడినది జారిపోతుంది, రాలిన ఆకులూ పుల్లలూ కుళ్లి ఏర్పడిన గుల్ల నేలలో పడినది నిమిషాల్లో ఇంకిపోతుంది. అంటే ఆ వేరు ఒకే సమయంలో తడినీ గాలినీ రెండింటినీ అనుభవించడానికి అలవాటు పడింది. తడి ఒక్కటే ఇచ్చి గాలిని ఆపితే అది బతకలేదు. మిగిలిన విషయాలన్నీ ఈ ఒక్క సంగతిలోంచి వచ్చేవే.

నేను చంపిన మొక్క కథ చెబుతాను. మా అబ్బాయి పుట్టినరోజు కానుకగా తెచ్చాడు. నాలుగు పెద్ద ఆకులు, నిగనిగలాడే పచ్చదనం, అడుగున చిల్లు లేని అందమైన పింగాణీ కుండీ. పొద్దున్నే కాఫీ తాగి, చెంబుతో దానికి నీళ్లు పోయడం నా దినచర్య అయింది. నెల తిరిగేసరికి ఆకులు వడలి వేలాడసాగాయి. ఎండల వల్ల దాహం వేస్తోందనుకొని పూటకోసారి పోశాను. ఇంకా వడలింది. చివరకు కాండం మెత్తబడి వాలిపోయిన రోజున కుండీలోంచి పెకలిస్తే, తెల్లగా గట్టిగా ఉండవలసిన వేళ్లు గోధుమ రంగులో, ఉడికించి వదిలేసిన సేమియాలా జారిపోయాయి. మురుగు కాలువ వాసన వచ్చింది. నీటిలో ప్రాణవాయువు వ్యాపించే వేగం గాలిలో కంటే దాదాపు 10,000 రెట్లు తక్కువ అనీ, నీరు నిలిచిన మట్టిలో వేరు శ్వాస ఆడక చనిపోతుందనీ, చచ్చిన వేరు మీద వేరుకుళ్లు తెగులు తెచ్చే పిథియం వంటి, శిలీంధ్రాలను పోలిన సూక్ష్మజీవులు చేరతాయనీ 30 ఏళ్లు నల్లబల్ల మీద రాసి చూపించిన చేతులే చెంబు పట్టుకున్నాయి. పాఠం చెప్పడం వేరు, కుండీ ముందు నిలబడడం వేరు.

ఆ తర్వాత చాలా ఇళ్లలో ఇదే చూశాను. ఇందులో మన ఊరి స్వభావం కూడా ఉందని నాకు తోస్తుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే జిల్లాలో, అదీ అదనులో పడుతుందన్న నమ్మకం లేని చోట, తరతరాలుగా పైరు వైపు చూసిన కళ్లు మనవి. ఆకు వాడితే అది దాహమేనని ఆ కళ్లకు స్థిరపడిపోయింది. నీళ్లు పోయడం పుణ్యమని చేతికి అలవాటైంది. చేలో ఆ అంచనా ఎక్కువసార్లు నిజమవుతుంది, కుండీలో మాత్రం ఎక్కువసార్లు తప్పుతుంది. వేరు కుళ్లిన మొక్క కూడా అచ్చం దాహం వేసిన మొక్కలాగే వాడుతుంది, ఎందుకంటే పీల్చే వేరు లేనప్పుడు మడుగులో నిలబెట్టినా ఆకుకు నీరందదు. వాడిన ఆకును చూసినప్పుడు చెంబు అందుకునే ముందు మట్టిని ముట్టుకోవాలి. పొడిగా ఉండి ఆకు వాడితే దాహం, తడిగా ఉండి వాడితే వేరుకుళ్లు. వాన ఎక్కువై నీరు నిలిచిన మడిలో వేరుశనగ పసుపెక్కడం చూసిన రైతుకు ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. పట్నంలో స్థిరపడిన ఆయన పిల్లలకే చెప్పవలసి వస్తోంది.

కాబట్టి రోజుకింత అన్న లెక్క ఈ మొక్కకు కుదరదు. వేలిని రెండు గణుపుల లోతుకు మట్టిలో దించి చూడాలి. అక్కడ పొడిగా తగిలితే పోయాలి, చల్లగా తడి తగిలితే ఆగాలి. పెద్ద కుండీ అయితే వేలు చాలదు. ఇడ్లీ ఉడికిందా లేదా అని పుల్ల గుచ్చి చూసినట్టే, కొబ్బరి చీపురు పుల్లను అడుగు దాకా దించి ఒక నిమిషం ఆగి తీస్తే, పుల్లకు అంటిన మట్టే లోపలి తడి చెబుతుంది. పోసేటప్పుడు మాత్రం గ్లాసులతో కొలిచి పొదుపు చేయకూడదు. అడుగు చిల్లులోంచి కారే దాకా నిదానంగా పోసి, అరగంట తర్వాత పళ్లెంలో చేరిన నీటిని పారబోయాలి. మా ఇంట్లో మే నెలలో 4, 5 రోజులకు ఒకసారి, డిసెంబరులో దాదాపు రెండు వారాలకు ఒకసారి పోస్తున్నాను. ఈ అంకెలు మా కుండీకి, మా కిటికీకి సంబంధించినవి. ఎవరైనా వీటిని సూత్రంగా తీసుకుంటే నేనూ మీ వ్యాసకర్త చేసిన పొరపాటే చేసినదాన్నవుతాను.

నీళ్ల తర్వాత మట్టి. మన రోడ్ల పక్కన అమ్మే మొక్కల్లో చాలా భాగం గోదావరి ఒడ్డున కడియం, కడియపులంక నర్సరీల నుంచి లారీల్లో వచ్చినవేనని అమ్మేవారే చెబుతారు. దారిలో వేళ్లు ఎండిపోకుండా బంకమట్టి ముద్దతో వాటిని పంపుతారు. ఆ ముద్ద ప్రయాణానికి మంచిదే. అంత దూరం లారీలో ఎండకూ గాలికీ తట్టుకొని వచ్చిందంటే ఆ ముద్ద చలవే. ఇంట్లో ఆ ముద్దను అలాగే కుండీలో దించి చుట్టూ ఎర్రమట్టి కూరితేనే చిక్కు మొదలవుతుంది. చుట్టూ ఉన్న మట్టి ఆరిపోయినా మధ్యలో ముద్ద తడిగానే ఉంటుంది. ఒకసారి పూర్తిగా ఎండితే మరో చిక్కు: అది ఇటుకలా గట్టిపడి, పోసిన నీరు పక్కల నుంచి జారి అడుగు చిల్లులోంచి వచ్చేస్తుంది, నీళ్లు బాగా పోశామన్న తృప్తి మనకు, ఎండు వేరు మొక్కకు మిగులుతాయి. తెచ్చిన వారం పది రోజులు మొక్కను నీడలో కొత్త చోటుకు అలవాటు పడనిచ్చి, ఆ తర్వాత ముద్దను బకెట్టు నీటిలో నానబెట్టి, వేళ్లు తెగకుండా బంకమట్టిని చాలామట్టుకు కడిగి, గుల్ల మిశ్రమంలో నాటుకోవాలి.

మిశ్రమానికి సంచుల్లో అమ్మే ఖరీదైన సరుకు అవసరం లేదు. నేను వాడేది ఇది: రెండు పాళ్లు కోకోపీటు, ఒక పాలు ముతక ఇసుక, ఒక పాలు వర్మీకంపోస్టు, ఒక పాలు గోళీకాయంత ఇటుక ముక్కలూ బొగ్గు ముక్కలూ, ఒక పాలు బాగా మాగిన వేరుశనగ పొట్టు. మన మాటలో చెప్పాలంటే బుడ్డల పొట్టు. మన జిల్లాలో కాయలు కొట్టే మిల్లు దగ్గర బస్తాల లెక్కన దొరికే ఈ పొట్టు మట్టిని గుల్లగా ఉంచడంలో దేనికీ తీసిపోదు. అయితే పచ్చిపొట్టును నేరుగా కలపకూడదు. అది కుళ్లేటప్పుడు మట్టిలోని నత్రజనిని తానే వాడుకుంటుంది, తడి మట్టి మీద ఎగిరే చిన్న నల్లటి ఈగలను కూడా పిలుచుకొస్తుంది. ఒక మూల పోసి, తడుపుతూ, నాలుగైదు నెలలు మాగనిచ్చిన తర్వాత కలపాలి. కోకోపీటును కూడా రెండు మూడుసార్లు కడిగి పిండాలి, దానిలో ఉప్పు ఉంటుంది.

కుండీ విషయంలో ఒకే మాట చెబుతాను. ఎలాగూ పెరుగుతుంది కదా అని చిన్న మొక్కను పెద్ద గంగాళంలో పెట్టకూడదు. వేరు చేరని మట్టిలో నీరు తాగేవారుండరు, అక్కడే కుళ్లు మొదలవుతుంది. వేరు ముద్ద కంటే చుట్టూ రెండంగుళాలు ఎక్కువ ఉంటే చాలు. కుండీ మార్చవలసి వస్తే రోహిణి కార్తె ఎండల్లో ముట్టుకోకుండా మృగశిర దాటాక, గాలి చల్లబడ్డాక మార్చడం మేలు.

ఎన్ని నీళ్లు అన్నదాని కంటే ఏ నీళ్లు అన్నది మా ప్రాంతానికి పెద్ద ప్రశ్న. మీ వ్యాసంలో దీని ఊసే లేదు. అనంతపురం జిల్లాలో బోరు నీరు చాలాచోట్ల కఠినజలం. ఫ్లోరైడు సంగతి ఈ జిల్లా ప్రజలకు ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దుల్లో, కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు, వేరే ఆధారం లేకపోతే 2000 వరకు. ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము, తప్పనిసరైతే 1.5. మొక్క కుండీ విషయంలో ఈ లవణాలకు ఇంకో గుణం ఉంది. నీరు ఆవిరైపోతుంది, మొక్క తాగేస్తుంది, ఉప్పు మాత్రం కుండీలోనే ఉండిపోతుంది. ప్రతి చెంబూ కొంత ఉప్పును చేర్చుతూ పోతుంది. కొన్నాళ్లకు మట్టి మీద, కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది. పాత గోడల కింద చౌడు పొంగడం చూసినవారు దానిని ఇట్టే గుర్తుపడతారు. ఆకు అంచులు గోధుమ రంగుకు మారి కరకరలాడుతూ ఎండిపోవడం దాని ఫలితం. డ్రసీనా, స్పైడర్ ప్లాంటు వంటివి ఫ్లోరైడుకు మరీ సున్నితం, వాటి ఆకు కొసలు ముందుగా కాలతాయి. మాన్‌స్టెరా కొంత ఓర్చుకుంటుంది గానీ దానికీ హద్దుంది.

ఇక్కడ చాలా ఇళ్లలో జరిగే ఒక మంచి ఉద్దేశంతో కూడిన పొరపాటు చెప్పాలి. ఇంట్లో ఆర్వో యంత్రం ఒక లీటరు మంచినీరు ఇవ్వడానికి రెండు మూడు లీటర్ల నీటిని బయటకు వదిలేస్తుంది. ఆ నీరు వృథా కాకూడదని బకెట్టులో పట్టి కుండీలకు పోస్తారు. నీటి విలువ తెలిసిన ఊరిలో ఆ ఆలోచన రావడం సహజమే, నేను దానిని తప్పుపట్టను. కానీ మనం తాగే నీటిలోంచి తీసేసిన ఉప్పంతా ఆ బకెట్టులోనే చేరి ఉంటుంది. ఆ నీటితో ఇల్లు తుడవండి, అంట్లు తోమండి, మరుగుదొడ్డికి వాడండి. కుండీకి మాత్రం వద్దు. దానికి బదులు ఏసీ పైపు నుంచి కారే నీటిని పట్టండి. అది గాలిలోని తేమ చల్లబడి నీరై కారినది కాబట్టి లవణాలు దాదాపు ఉండవు. మన వేసవిలో గాలిలో తేమే తక్కువ కాబట్టి ఏసీ కూడా ఆ నాలుగు నెలలూ పిసినారిగానే ఇస్తుంది. వానాకాలంలో మిద్దె మీది నీటిని మొదటి జల్లు వదిలేసి డ్రమ్ముల్లో పట్టి మూతపెట్టుకుంటే కొన్ని నెలలు వస్తుంది. బోరు నీరు తప్ప గతి లేనివారు కనీసం నెలకొకసారి, కుండీ పరిమాణానికి రెండింతల మంచినీటిని పైనుంచి పోసి, అడుగు నుంచి పూర్తిగా కారనిచ్చి ఉప్పును కడిగేయాలి.

కఠినజలానికి ఇంకో బాధ కూడా ఉంది. మట్టిలో క్షారం పెరిగి, ఇనుము ఉన్నా మొక్కకు అందకుండా పోతుంది. కొత్తగా వచ్చిన ఆకు పాలిపోయి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. సున్నం పాలు ఎక్కువున్న నేలల్లో వేరుశనగకు వచ్చేదీ ఇదే. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఇనుము ఉన్న లవణం), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేయడం మన రైతులకు అలవాటైన వైద్యం. నేను కుండీ మొక్కకు దానిలో సగం బలంతో, సాయంత్రం పూట, వారం ఎడంగా రెండుసార్లు కొట్టి బాగుపడడం చూశాను. కింది ముదురాకు ఒకటి పండి రాలితే మాత్రం కంగారు పడి మందులు కొట్టనక్కరలేదు, దాని వయసు అయిపోయిందంతే.

ఇక హాలు మూల సంగతి. మన కంటికి వెలుతురుగా కనిపించే చోటు మొక్కకు చీకటి కావచ్చు, ఎందుకంటే కన్ను సర్దుకుంటుంది, ఆకు సర్దుకోలేదు. కిటికీ నుంచి నాలుగైదు అడుగులు లోపలికి జరిగితే వెలుతురు మనం ఊహించనంతగా పడిపోతుంది. పరీక్ష చాలా తేలిక. మధ్యాహ్నం పూట మొక్క పెట్టదలచిన చోట మీ పత్రికనే పరచి, దానికి అడుగు ఎత్తున అరచేతిని చాపండి. అంచులు చెదిరినదైనా నీడ కనిపిస్తే ఆ చోటు పనికివస్తుంది. నీడే పడకపోతే అక్కడ సోఫా వేసుకోవచ్చు, మొక్కను పెట్టకూడదు. తూర్పు కిటికీ పక్కన, పొద్దున తొమ్మిది గంటల దాకా తగిలే లేత ఎండ దీనికి అన్నిటికంటే ఇష్టం. పడమటి కిటికీ అయితే ఫిబ్రవరి చివరి నుంచే పలుచని నూలు తెర వేయాలి. మా ఊరి సాయంత్రపు ఎండ ఒక్కరోజు నేరుగా తగిలినా ఆకు మీద కాగితం లాంటి తెల్లమచ్చలు పడతాయి, అవి మళ్లీ పచ్చబడవు. పాత మట్టిమిద్దెల్లో పైకప్పుకు గవాక్షి వదిలేవారు; పైనుంచి దిగి ఇల్లంతా పరుచుకునే ఆ వెలుతురు, చెట్ల కొమ్మల సందుల్లోంచి అడవి నేల మీదికి జారే వెలుతురుకు ఎంతో దగ్గర. మా అమ్మమ్మ గారి మిద్దెలో మాన్‌స్టెరా పెడితే ఎలా పెరిగేదోనని అప్పుడప్పుడు అనుకుంటాను. ఇప్పుడు ఆ ఇల్లూ లేదు, గవాక్షీ లేదు.

వెలుతురు తక్కువైతే మొక్క వెంటనే చావదు. కాడలు సాగి, ఆకులు చిన్నవై, చిల్లులు లేకుండా వస్తాయి. చాలామంది నన్ను అడిగేది ఈ చిల్లుల గురించే. లేత మొక్క ఆకుకు చిల్లులుండవు, వయసూ వెలుతురూ వస్తే వస్తాయి. పురుగు తిన్నదని మందు కొట్టిన వారినీ నేను ఎరుగుదును. చిల్లులెందుకన్న దానికి పలువురు పలు కారణాలు చెప్పారు. 2013లో క్రిస్టఫర్ మ్యూర్ అనే శాస్త్రవేత్త ప్రతిపాదించిన వివరణ నాకు నచ్చింది. దట్టమైన అడవి అడుగున ఎండ మరకలు మరకలుగా, ఇప్పుడిక్కడ, ఇప్పుడక్కడ పడుతుంది. అదే మోతాదు ఆకు పదార్థాన్ని చిల్లులతో విశాలంగా పరిస్తే ఏదో ఒక మరక తప్పకుండా దొరుకుతుంది, మొక్క ఆదాయం నిలకడగా ఉంటుంది. ఉన్న నాలుగెకరాలూ ఒకే చోట కాకుండా ఊరి నాలుగు దిక్కులా ఉంటే, ఏదో ఒక చేను మీదైనా వాన పడకపోదని మన పెద్దలు అనుకున్నట్టే ఇదీను.

కాండం నుంచి వేలాడే వేళ్లను అందవికారమని కత్తిరించమని మీ వ్యాసంలో ఒక వాక్యం ఉంది. కదిరి దగ్గర దాదాపు 5 ఎకరాల్లో పరుచుకొని, 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కిన తిమ్మమ్మ మర్రిమానును చూసిన వాళ్లం మనం, ఊడలంటే మనకు జంకెందుకు? మర్రి ఊడ నేల తాకి మాను అవుతుంది. మాన్‌స్టెరా ఊడ మాను కాదు గానీ, పట్టుకోవడానికీ తేమ పీల్చడానికీ పనికివస్తుంది. కొబ్బరి పీచు తాడు దట్టంగా చుట్టిన నాలుగైదు అడుగుల కర్రను కుండీ మధ్యలో దించి, కాండాన్ని దానికి వదులుగా కట్టి, ఆ పీచును తడిగా ఉంచితే ఊడలు దానిలోకి దూరతాయి, ఆకులు ఏడాదిలోనే వెడల్పు తేలతాయి. ఆధారం లేని మొక్క నేల మీద అడ్డంగా పాకి సగం హాలును ఆక్రమిస్తుంది.

వేసవి గాలి గురించి కొంచెం. ఏసీ గాలిలోని తేమను లాగేస్తుంది, కూలరు తేమను కలుపుతుంది. అందువల్ల ఈ మొక్క విషయంలో మన పాత కూలరే మేలు. గాలి నేరుగా ఆకులకు కొట్టకుండా పక్కగా ఉంచితే చాలు. ఆకుల మీద నీళ్లు చల్లడం వల్ల కలిగే తేమ పది నిమిషాలు కూడా నిలవదు, బోరు నీరైతే తెల్ల చుక్కలు మాత్రం మిగులుతాయి. ఆషాఢంలో వాన లేకుండా వీచే గాలి దుమ్ము తెచ్చి ఆకుల మీద పరుస్తుంది. వారానికొకసారి తడిగుడ్డతో ఆకు రెండు వైపులా తుడవాలి. మెరుపు కోసం కొబ్బరినూనె రాసేవారున్నారు. దయచేసి రాయవద్దు, దానికి దుమ్ము అంటుకొని ఆకు ఊపిరి రంధ్రాలు మూసుకుపోతాయి. పొడి వేడిలో ఆకు అడుగున ఎర్రనల్లి, కాడల సందుల్లో పిండినల్లి చేరతాయి. తుడవడంతోనే చాలావరకు పోతాయి. పోకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీరు కలిపి పొద్దు గూకాక పిచికారీ చేయాలి.

గాలి శుద్ధి సంగతికి వస్తే, ఈ నమ్మకానికి మూలం 1989లో నాసా చేయించిన ప్రయోగాలు. అవి గాలి చొరబడని చిన్న పెట్టెల్లో జరిగాయి. మన ఇళ్లు పెట్టెలు కావు, తలుపులూ కిటికీలూ ఉంటాయి. అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇద్దరు పరిశోధకులు అటువంటి ప్రయోగాలన్నిటినీ తిరిగి లెక్కగట్టి 2019లో ప్రచురించారు. మామూలుగా ఇంట్లోకి వచ్చిపోయే గాలి చేసే పనిని మొక్కలతో చేయించాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 మొక్కలు కావాలట. అన్ని పెడితే మనుషులు వరండాలో పడుకోవాలి. మొక్క చూడడానికి బాగుంటుంది, మనసుకు హాయిగా ఉంటుంది. మొక్కను తెచ్చుకోవడానికి ఆ కారణం చాలదా?

వ్యాసంలో లేనిదీ, ఉండితీరవలసినదీ ఇంకొకటి ఉంది. ఈ మొక్క ఆకుల్లో, కాడల్లో కాల్షియం ఆక్సలేటు సూదుల్లాంటి స్ఫటికాలుగా ఉంటుంది. కంద తరిగినప్పుడు చేతులు దురద పెట్టేది కూడా దీనివల్లే. కందకు లేని దురద కత్తిపీటకెందుకన్నది సామెత వరకు బాగానే ఉంది గానీ, పాకే పిల్లలు ఆకు కొరికితే నోరూ నాలుకా మండి వాచిపోతాయి, పెంపుడు కుక్కలకూ పిల్లులకూ అంతే. బాగా పండిన పండు తినదగినదే, పేరులోని డెలిసియోసా ఆ రుచిని బట్టి వచ్చినదే. కాని కాయ పండడానికి దాదాపు ఏడాది పడుతుంది, మన హాళ్లలో అది కాపుకు రావడం అరుదు. కత్తిరించేటప్పుడు చేతికి తొడుగు వేసుకోవాలి. ముక్క నాటాలనుకునేవారు కాండం మీద కణుపు ఉండేలా చూసుకోవాలి. కణుపు లేని ఒట్టి ఆకును నీటిలో పెడితే వేరు వచ్చినా మొక్క రాదు. ఒట్టి ఆకునే మొక్కగా కొని మోసపోయినవారు మా వీధిలోనే ఉన్నారు.

మీకు నా విన్నపం రెండు అంశాలకే పరిమితం. రోజూ గ్లాసు నీళ్లన్న వాక్యానికి వచ్చే ఆదివారం ఒక సవరణ వేయండి, చిన్న అక్షరాల్లో అయినా సరే. ఇకపై మొక్కల పెంపకం మీద వ్యాసాలు వేసేటప్పుడు కోస్తా తేమకూ సీమ పొడికీ తేడా తెలిసినవారి చేత ఒకసారి చదివించండి. ఈ ఉత్తరం మీ శీర్షికకు మరీ పొడవని తెలుసు. కత్తిరించవలసి వస్తే మిగతా ఏది తీసినా అభ్యంతరం లేదు గానీ, తడి మట్టిలో వాడిన మొక్కకు నీళ్లు పోయవద్దన్న మాటను, పిల్లలున్న ఇళ్లకు చేసిన హెచ్చరికను మాత్రం ఉంచండి. మా వీధిలో కొత్తగా కొన్న రెండు మొక్కల్లో ఒకదాని ఆకులు నిన్నటి నుంచి వాలుతున్నాయి. ఆ ఇంటావిడను చెంబు పక్కన పెట్టమని చెప్పి, రేపు ఉదయం కుండీలోంచి తీసి వేళ్లు చూద్దామని మాట ఇచ్చి వచ్చాను.

ఇట్లు
ఒక విశ్రాంత వృక్షశాస్త్ర ఉపన్యాసకురాలు,
అనంతపురం.